చేతికందని తాడు

ఆగస్టు 3, శనివారం

శాసనసభకి పోతానంటున్న మా పిట్టకి, నిలబడీ నిలబడీ కాళ్ళు స్తంభాలైపోయిన కోతి అక్క రాస్తున్నది.

నీ కాగితం అందింది. ఉత్తరం దాచి మూల ముడేసిన దిండు గలీబు కోసం పొద్దున్నే ఆసుపత్రి మూటలన్నీ నేనే విప్పుతానని ఎగబడ్డాను. నా పక్కన పనిచేసే పొడుగామె నన్ను వింతగా చూసింది. రోగుల దుప్పట్ల మీద ఇంత ప్రేమ ఎవరికుంటుంది? మీ ఆసుపత్రి గుడ్డల గది ఆవిడకి నా దండాలు చెప్పి, ఈసారి కాస్త శుభ్రమైన గలీబు చూసి ముడెయ్యమను. నీ ఎన్నికల విధానాల మీద ఎవరిదో మందు మరక పడి కనీస వేతనం కనపడకుండా పోయింది.

కనపడ్డాక ఇంకా బాధేసింది. ఏ వకీలు పక్కన కూర్చుని రాశావే ఇది? వేతనం "సముచితంగా" పెంచుతావా? ఆ మాట మా లాండ్రీ యజమాని కూడా అంటాడు. "సముచితంగానే ఇస్తున్నాం కదమ్మా" అని తలుపు మూసుకుంటాడు. ధర పెరిగినప్పుడల్లా కూలీ దానంతట అదే పెరగాలి, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, అని రాయి. ఐదో క్లాసులో పంతులమ్మ కుర్చీకి జిగురు రాసి చదువు ముగించిన దాన్ని నాకే తెలుస్తుంటే నీకేమయింది?

జబ్బు సెలవుకి జీతం కొయ్యకూడదన్నావు, మంచిది. "ముందస్తు సమాచారంతో" అన్న ముక్క మాత్రం నేను కొట్టేశాను. జ్వరం ముందు రోజు కబురు పెట్టి వస్తుందా? మా సూపర్‌వైజరు కిర్రుబూట్లాయన్ని అడిగితే వస్తుందనే అంటాడు.

ఒకే పనికి ఒకే జీతం అన్నచోట ఇలా రాయి. ఇస్త్రీ రోలరు ముందు దుప్పటికి ఈ చివర నేను పట్టుకుంటాను, ఆ చివర పొడుగామె పట్టుకుంటుంది. దుప్పటి ఒకటే, ఆవిరి ఒకటే, చెమట ఒకటే. ఆమె కాంట్రాక్టరు మనిషి కాబట్టి ఆ చివరకి సగం జీతం. ఇలా చెబితే మెదడు లేనివాడికి కూడా అర్థమవుతుంది. సభలో అలాంటివాళ్ళు ఎక్కువని విన్నాను.

ఒకటి మరిచావు. రోలరు పైన ఎర్ర తాడు ఉంటుంది. లాగితే మిషను ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా మధ్యలో ఉన్న దుప్పటి మాడి చారపడుతుందని, కిర్రుబూట్లాయన ఆ తాళ్ళన్నీ పైన ఆవిరి గొట్టానికి చుట్టించేశాడు. ఎక్కి విప్పుదామంటే స్టూలు కూడా గదిలో పెట్టి తాళం వేశాడు. తాడు ఉంది, అందదు. దీని మీద కూడా ఒక మాట రాయి.

నువ్వు నా చెల్లెలివని ఇక్కడ ఎవరికీ తెలీదు. మీ ఆసుపత్రి సమ్మె అప్పుడు, సమ్మె చేసినవాళ్ళ చుట్టాలకి పని లేదంటే, "ఒక్కతే కూతుర్నండి" అని చెప్పి చేరాను కదా. అప్పుడు నా నోటితో చంపేసిన దానివి, ఇప్పుడు ఊరంతా గోడల మీద నవ్వుతున్నావు. చూసుకుని నవ్వు.

ఇట్లు
నీ కోతి


ఆగస్టు 8, గురువారం

అక్కా,

నువ్వు కొట్టేసినవన్నీ కొట్టేశాను, రాయమన్నవన్నీ రాశాను. దుప్పటి రెండు చివరల మాట మొన్న బస్టాండు దగ్గర చెప్పాను. రాత్రి డ్యూటీకి పోయే నర్సులు బస్సు వదులుకుని విన్నారు.

తాడు సంగతి కూడా పెట్టేశాను. "చెప్పకుండా వచ్చి తనిఖీ చేసే అధికారం ఉండాలి, ఆపే తాడు కార్మికుల చేతికి అందాలి, గొట్టానికి చుట్టి ఉండకూడదు" అని రాశాను. రేపు అచ్చుకి పోతుంది. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అది నిజమేనా, నీ తుంటరి పనుల్లో ఒకటా? అత్తయ్య పెళ్ళిచూపుల్లో వంటింట్లో పాముందని చెప్పి అందరినీ మంచాలెక్కించినదానివి.

నా గది యజమాని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. కారణం అడిగితే "రంగులు వేయిస్తానమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా. పొద్దున్న లేచేసరికి గుమ్మం ముందు ఎవరో నా పోస్టర్లన్నీ చింపి చక్కగా పేర్చి పెట్టారు. చింపినందుకు కాదు అక్కా, పేర్చినందుకు భయమేసింది.

ఇంకో సంగతి. మీ దగ్గర ఎవరో ఒకావిడ టీ వేళలో నాలా మాట్లాడి అందరినీ నవ్విస్తోందట. మూటలు మోసే లారీ డ్రైవరు మా గుడ్డల గది ఆవిడతో అన్నాడు. "అచ్చం ఆ గొంతే, కళ్ళు మూసుకుంటే తేడా తెలీదు" అన్నాడట. ఎవరావిడ? కనుక్కుని రాయి.

నీ పిట్ట


ఆగస్టు 14, బుధవారం

పిట్టా,

పాము అబద్ధం. తాడు నిజం. ఎంత నిజమో ఇప్పుడు చెబుతాను, నవ్వకుండా చదువు. నేను నవ్వకుండా రాస్తున్నాను కాబట్టి నీకూ కష్టం కాదు.

పోయిన చలికాలం పొడుగామె వేళ్ళు దుప్పటితో పాటు లోపలికి పోయాయి. ఆమె వంగిపోయింది, రెండో చెయ్యి పైకి లేవలేదు. నేను ఎగిరాను. నా ఎత్తు నీకు తెలుసు. మళ్ళీ ఎగిరాను. తాడు గొట్టం మీద కనపడుతూనే ఉంది. చివరికి సబ్బు కలిపే ఆవిడ అటువైపు నుంచి పరిగెత్తి కరెంటు తీసేసింది. పొడుగామె అరవలేదు. నా వైపు చూసిందంతే. ఆ చూపు ఇంకా నా మీదే ఉంది. చెయ్యి ఉంది, తోలు మాత్రం వేరేది వచ్చింది. ఆఫీసులో కారణం "పరధ్యానం" అని రాసుకున్నారు.

ఇది నీకెప్పుడూ చెప్పలేదు. నా ఉత్తరాల్లో ఎవరికీ దెబ్బలు తగలవు కదా, అందుకని.

ఇప్పుడు నీ కరపత్రం ఇక్కడికి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, యజమాని ఆ తాడు ముక్క చదివి స్వయంగా కిందికి దిగొచ్చాడు. గొట్టాల వైపు చూశాడు, తర్వాత మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశాడు. గొట్టానికి చుట్టిన సంగతి లోపలివాళ్ళకి తప్ప తెలీదు. ఏ పాపం ఎరగని సబ్బు కలిపే ఆవిడ అన్నం డబ్బా కింద కరపత్రం దొరికిందని అక్కడికక్కడే గేటు బయటికి పంపేశారు. ఆవిడ చెప్పులు లోపలే ఉండిపోయాయి. ఎవరూ తీసుకెళ్ళి ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

ఇంకా ఘోరం, కిర్రుబూట్లాయన బూట్లు మార్చాడు. చప్పుడు రావట్లేదు. ఇంతకాలం ఆ కిర్రుమనడమే మాకు కాపలా. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఉంటాడు.

నీలా మాట్లాడే ఆవిడ సంగతి అడిగావు. ఎవరో తిక్కది. పట్టించుకోకు.

కోతి


ఆగస్టు 19, సోమవారం

అక్కా,

లారీ డ్రైవరు నిన్న నా ఎదురుగానే ఆ తిక్కదాని సంగతి చెప్పాడు. మాట మొదలెట్టే ముందు చిన్నగా దగ్గి ఎడమ చెవి లాక్కుంటుందట. జనం అక్కడే పడీ పడీ నవ్వుతారట.

నేను చెవి లాక్కోవడం మానేసి ఎన్నేళ్ళయింది? రెండో క్లాసులో పంతులమ్మ వెక్కిరించాక మళ్ళీ లాక్కోలేదు. ఏ మీటింగులోనూ ఎవరూ చూసి ఉండరు. అది తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. నాన్న తలుపవతల నుంచి పిలిస్తే నా బదులు నా గొంతుతో పలికి, తన్నులు నాకు తినిపించిన మనిషి.

నా కాగితం మీద నువ్వు రాసిన ప్రతి ముక్కా దాచుకున్నాను. పొద్దున్న నాకు మాటలు అందించి, మధ్యాహ్నం వాటినే వాళ్ళకి నవ్వులకి అమ్ముతున్నావా? నన్ను రాళ్ళతో కొట్టేవాళ్ళకి నేను భయపడతాను అక్కా, కానీ అర్థం చేసుకుంటాను. దీన్ని ఏమని అర్థం చేసుకోవాలో నువ్వే చెప్పు.

గలీబులో ఇక ఉత్తరం పెట్టకపోయినా ఫరవాలేదు.


ఆగస్టు 22, గురువారం

పిట్టకి,

పెట్టొద్దన్నావు కాబట్టి పెడుతున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు అదే అలవాటు.

నేనే. ఏం అర్థం చేసుకోవాలో చెప్పమన్నావు కదా, భయం అని అర్థం చేసుకో. నీ పోస్టరు గేటు ఎదురుగా అంటించిన రోజు నేను దాని వైపు చూడలేకపోయాను. చూస్తే మొహం తెలిసిపోతుందేమోనని. చూడకపోతే అదీ తెలిసిపోతుందేమోనని. ఎవరినైనా బాగా వెక్కిరిస్తే వాళ్ళకి అక్కనని ఎవరూ అనుమానించరు కదా అనిపించింది. టీ గ్లాసు పట్టుకుని నీ గొంతు పెట్టాను. పెట్టడానికేముంది, నాదే కాస్త పైకెత్తాలి. నవ్వారు. ఆ నవ్వు వెనకాల నాకు చోటు దొరికింది, దాక్కున్నాను. చెవి లాగడం ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలీదు. నిన్ను తలుచుకుంటే నాకు రెండో క్లాసు పిల్లే కనపడుతుంది. నేనేం చెయ్యను?

అది కిర్రుబూట్లాయన చూశాడు. ఆయన యజమానికి చెప్పాడు. యజమాని తన బావకి, అంటే నీ మీద పోటీ చేస్తున్న పాత సభ్యుడికి చెప్పాడు. ఆదివారం పెద్ద మీటింగు. మా అందర్నీ లారీల్లో తీసుకుపోతారు. స్టేజి మీద నేను నీలా మాట్లాడాలి. కాగితం రాసిచ్చారు. "అందరికీ సగం పూట పని, రెండు పూటల జీతం. జ్వరం నటిస్తే బహుమతి. అలిసిపోయిన మిషన్లకి కూడా సెలవు." చివర్లో తాడు మాట బాగా సాగదీసి ఎగతాళి చెయ్యమన్నాడు కిర్రుబూట్లాయన. "ఆ తాడు సంగతి ఎవరు మోశారో అప్పుడు జనంలో మొహాలు చూస్తే తెలుస్తుంది" అన్నాడు. "నువ్వు పైనుంచి చూసి చెప్పు" అని కూడా అన్నాడు. నాతోనే.

ఎక్కనంటే ఎందుకంటారు. ఎక్కితే నీకు నేను లేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన చప్పుడు లేని బూట్లు.

ఒక్కటి చెయ్యి పిట్టా. ఆ తాడు ముక్క తీసెయ్యి. వేతనం ఉంచుకో, సెలవు ఉంచుకో, యూనియన్లో చేరితే తీసెయ్యకూడదన్నదీ ఉంచుకో. అవి ఊళ్ళో అందరివీ. తాడు ఒక్కటే నన్ను వేలెత్తి చూపిస్తుంది. గేటు బయట ఈ వయసులో నాకింకెవరూ పనివ్వరు. వాళ్ళు గేటు దగ్గర ఆగుతారో లేదో కూడా తెలీదు. నీ గుమ్మం ముందు కాగితాలు పేర్చినవాళ్ళకి నా గుమ్మం ఎంత దూరం?

జవాబు రాయి. రాయకపోతే తిట్టయినా పంపు.

కోతి


ఆగస్టు 24, శనివారం

అక్కా,

తీసేశాను. కొత్త కరపత్రంలో తాడు లేదు. చెప్పకుండా తనిఖీ అన్నదీ తీసేశాను, దాని వెంట ఇది గుర్తొస్తుందని. పాతవి మిగిలినవన్నీ తెప్పించి పొయ్యిలో పెట్టాను. మావాళ్ళు అడిగితే రుజువు లేదని చెప్పాను. ఇకనుంచి నేనెక్కడా ఆ మాట ఎత్తను. పొడుగామె చెయ్యి తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు, అయినా ఎత్తను.

స్టేజి ఎక్కితే ఎక్కు. వాళ్ళిచ్చింది చదివేసి దిగిపో. నేను నీ మీద కోపంగా లేను. అబద్ధం, ఉన్నాను, కానీ నీ ప్రాణం కంటే ఎక్కువ లేను. వద్దనుకుంటే మాత్రం ఎక్కకుండా నా దగ్గరికి వచ్చెయ్. గది ఎలాగూ ఖాళీ చెయ్యాలి, ఇద్దరం కలిసి చేద్దాం.

ఈ ఉత్తరం ఆదివారం లోపల అందుతుందని ఆశ. శనివారం సాయంత్రం మూటలు వెళతాయో లేదో గుడ్డల గది ఆవిడకి కూడా తెలీదట.

పిట్ట


ఆగస్టు 25, ఆదివారం

పిట్టా,

నిన్న మూటలు రాలేదు. నీ జవాబు లేదు. రాయలేదేమో అనుకున్నాను. మనసు విరిగిందేమో అనుకున్నాను. లారీ ఎక్కాను.

స్టేజి మెట్లు ఎక్కాను. అరచేతిలో వాళ్ళిచ్చిన కాగితం. మైకు దగ్గరికి వెళ్ళి విప్పి చూస్తే చెమటకి సిరా కారిపోయింది. నాకొచ్చిన అక్షరాలే తక్కువ, అవీ కారిపోయాయి. కింద జనం. ముందు వరసలో యజమాని, ఆయన బావ. మెట్ల దగ్గర చప్పుడు లేని బూట్లు. దగ్గాను. చెవి లాక్కున్నాను. ఇక నోరు తెరిస్తే నువ్వు వచ్చావు.

నా మాట నమ్ము, ధైర్యం కాదు. నాకు ధైర్యం ఉంటే ఈపాటికి మనింట్లో ఎవరికైనా తెలిసేది. భయంతో బుర్ర ఖాళీ అయిపోయింది, అందులో మిగిలింది నీ కాగితం ఒక్కటే. కొట్టేసీ కొట్టేసీ, తిట్టీ తిట్టీ, నాకది నోటికి వచ్చేసింది. "ధర పెరిగినప్పుడల్లా కూలీ దానంతట అదే పెరగాలి, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వడానికే తెచ్చారు కదా. యజమాని తొడ చరుచుకున్నాడు. "జ్వరం ముందు రోజు కబురు పెట్టి రాదు" అన్నాను. ముందు వరస నవ్వింది, వెనక వరసలు నవ్వలేదు. దుప్పటి రెండు చివరల గురించి చెప్పేసరికి నవ్వేది పాత సభ్యుడొక్కడే. పక్కవాళ్ళు ఆగారని తెలిసి ఆయనా ఆగాడు.

పొడుగామె మూడో వరసలో కూర్చుంది. కాలిన చెయ్యి ఒళ్ళో దాచుకుని ఉంది. "ఆపే తాడు చేతికి అందాలి" అన్నాను. ఆమె చెయ్యి బయటికి తీసి మోకాలి మీద పెట్టుకుంది, అందరికీ కనపడేలా.

అప్పుడు నా చెయ్యి పైకి లేచింది. ఇన్నాళ్ళుగా పైకి చూసీ చూసీ దురద పెట్టిన చెయ్యి. గాల్లో తాడు పట్టుకుని లాగింది.

లాగగానే ఆగిపోయింది. మైకు. ఎవరో తీగ పీకేశారు. మా కంపెనీలో ఏదైనా అంత చప్పున ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

మిగతాది మైకు లేకుండా చెప్పాను. చెవి లాక్కోలేదు. గొంతు కూడా పైకి ఎత్తలేదు. ఎవరికీ తేడా తెలియలేదు.

దిగాక కిర్రుబూట్లాయన "ఏమైంది నీకు?" అన్నాడు. "భయపడి మర్చిపోయానండి" అన్నాను. నేను చెప్పిన నిజాల్లో ఎవరూ నమ్మని మరొకటి. యజమాని తిట్టలేదు. తిడితే బాగుండు. చేతి రుమాలు మడతపెట్టుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"నీకు అక్కచెల్లెళ్ళు ఎవరన్నా ఉన్నారన్నావా?"

"ఒక్కదాన్నేనండి."

"గొంతు భలే కలిసింది" అన్నాడు.

అంతే. లారీ ఎక్కాం. పొడుగామె నా పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక తలుపుకి బల్ల అడ్డం పెట్టి ఇది రాస్తున్నాను. బయట బండి ఆగిన చప్పుడైతే కలం ఆపుతున్నాను, పోయాక రాస్తున్నాను. అక్షరాలు అక్కడక్కడా అందుకే అలా ఉన్నాయి.

నీ కోతి


ఆగస్టు 28, బుధవారం

పిట్టా,

నీ శనివారం ఉత్తరం సోమవారం మూటలో దొరికింది. అడిగినవన్నీ చేశావు. నువ్వు తీసేశావు, నేను స్టేజి మీద పెట్టేశాను. ఇప్పుడీ ఊళ్ళో ఆ తాడు మాట ఎత్తిన అభ్యర్థిని నేనొక్కదాన్నే. నాకెవరూ ఓటెయ్యరు. కాబట్టి వెనక్కి పెట్టు. చెప్పకుండా తనిఖీ అన్నదీ పెట్టు. రుజువు అడిగితే పొడుగామె వస్తానంది. నేనడగలేదు. అన్నం తింటూ, నా వైపు చూడకుండా, "మీ చెల్లి దగ్గరికి ఎప్పుడు పోదాం?" అంది. ముద్ద కంచంలో పెట్టేశాను. ఎప్పట్నుంచి తెలుసే అంటే, "ఆసుపత్రి మూటలంటే నీకంత ఇష్టమేంటని మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా" అంది.

రేపు పొద్దున్న నన్ను ఆఫీసు గదికి రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. కిర్రుబూట్లాయన నా హాజరు కార్డు ఇప్పటికే తీసి జేబులో పెట్టుకున్నాడు. దుప్పటి అంచు రెండుసార్లు జారింది. శుక్రవారం గలీబుకి ముడి లేకపోతే కంగారు పడు. నేను పడొద్దని అంటాననుకోకు.

ఇంకొకటి. ఇవాళ పనిలోకి వచ్చేసరికి అన్ని రోలర్ల మీదా తాళ్ళు విప్పి ఉన్నాయి. ఎర్రగా, కిందికి వేలాడుతున్నాయి. ఎవరు విప్పారని కిర్రుబూట్లాయన మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి అడిగాడు. అందరం పైకి తాళ్ళనే చూశాం. స్టూలు గదిలోనే ఉంది, తాళం వేసే ఉంది. మాలో స్టూలు అవసరం లేనిది ఒక్కతే. ఆమె దుప్పటికి ఆ చివర పట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

మళ్ళీ చుట్టిస్తారు, సాయంత్రానికో రేపటికో. ఇప్పటికి మాత్రం నా తల మీద ఊగుతోంది. లాగలేదు. అటూ ఇటూ చూసి, ఒక్కసారి చెయ్యెత్తి తాకి చూశాను.

అందుతుంది.

అక్క